మిత్రులతో ఆన్‌లైన్ ఆటలు: హాయిగా ఆడుకోవడానికి, నచ్చిన చోట్లను దాచుకోవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

నలుగురు మిత్రులు కలిసి కొన్నేళ్లపాటు ఆడిన ఆట గురించి తర్వాతెప్పుడైనా మాట్లాడుకుంటే, ఎవరు ఎన్ని పాయింట్లు సాధించారన్నది దాదాపుగా ఎవరికీ గుర్తుండదు. పబ్‌జీ ఆటలోని ఎరాంగెల్ మ్యాపు నడిమధ్యలో ఉన్న పోచింకి ఊళ్లో దిగినప్పుడు ఎవరు ఏ మేడ ఎక్కారో, మైన్‌క్రాఫ్ట్‌లో మొదటి రాత్రి ఏ కొండ బొరియలో దాక్కున్నారో, దాగి ఉన్న మోసగాణ్ణి పట్టే అమాంగ్ అస్‌లో స్కెల్డ్ ఓడ కెఫెటీరియా బల్ల చుట్టూ చేరి ఏ అమాయకుణ్ణి బయటికి గెంటారో మాత్రం పూసగుచ్చినట్టు చెప్పగలుగుతారు. అందుచేత ఈ మార్గదర్శిలో రెండు పనులను విడదీయకుండా చెబుతున్నాను. మిత్రులతో ఆట సజావుగా సాగేలా చూసుకోవడం మొదటిది. ఆ ఆట జరిగిన చోటును తర్వాత కూడా చేతికి అందేలా ఉంచుకోవడం రెండోది. ఆట మూతపడుతోందన్న ప్రకటన వచ్చాక హడావిడిగా దాచుకోబోయేవారికి బొమ్మలైతే దొరుకుతాయి గాని, అక్కడ మిత్రులు మాట్లాడుకున్న మాటలు దొరకవు. వాటిని ఆడుతున్న రోజుల్లోనే పట్టుకోవాలి.

మొదటి అడుగు: అందరికీ కుదిరే ఆటను ఎంచుకోవడం

బృందంలో ఎంతమంది ఉన్నారు, ఎవరి దగ్గర ఏ పరికరం ఉంది, వారంలో అందరికీ కలిసొచ్చే వేళ ఏది అన్న సంగతులను ముందే తేల్చుకోవాలి. వీటిలో ఎక్కువగా దెబ్బతీసేది పరికరమే. మైన్‌క్రాఫ్ట్ అన్న ఒక్క పేరు మీద జావా ఎడిషన్, బెడ్‌రాక్ ఎడిషన్ అని రెండు వేర్వేరు ఆటలు నడుస్తున్నాయి. కంప్యూటర్‌లో జావా ఎడిషన్ ఆడే వ్యక్తి, ఫోన్‌లోనో కన్సోల్‌లోనో బెడ్‌రాక్ ఆడే మిత్రుడి ప్రపంచంలోకి నేరుగా అడుగుపెట్టలేడు. అందరూ డబ్బు పెట్టి కొనేశాక ఈ సంగతి బయటపడితే మొదటి సాయంత్రమే గొడవతో మొదలవుతుంది కనుక, క్రాస్‌ప్లే, అంటే వేర్వేరు పరికరాలవారు కలిసి ఆడే వీలు, ఉందో లేదో, ఉంటే ఏయే పరికరాల మధ్య ఉందో చూసుకున్న తర్వాతే కొనడం మంచిది.

ఇద్దరే ఉంటే 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ వంటి ఆటలు సరిపోతాయి. దానిలో ఫ్రెండ్స్ పాస్ ఉంది కాబట్టి ఒకరు కొంటే రెండోవారు ఉచితంగా చేరవచ్చు. ఒకే తెర ముందు కూర్చుని ఆడే ఆటలను దూరంగా ఉన్న మిత్రులతో ఆడాలనుకుంటే కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లోని రిమోట్ ప్లే టుగెదర్ ఉపయోగపడుతుంది. అయితే ఆట నడిచేది ఒక్కరి కంప్యూటర్‌లోనే, మిగిలినవారికి అందేది దాని వీడియో మాత్రమే. అందువల్ల ఆట నడిపేవారి అప్‌లోడ్ వేగం బాగుండాలి. నలుగురి బృందానికి డీప్ రాక్ గెలాక్టిక్, పదిమంది వరకు వాల్‌హైమ్ బాగుంటాయి. అమాంగ్ అస్ నలుగురితో మొదలై 15 మంది దాకా ఆడవచ్చు గాని, ఏడెనిమిది మంది లేనిదే అందులో అనుమానాలకు రుచి రాదు.

ఇక్కడే గమనించవలసిన మరో తేడా ఉంది. కొన్ని ఆటల్లో మ్యాపు ప్రతి రౌండుకూ మొదటికి వస్తుంది. కౌంటర్ స్ట్రైక్‌లోని డస్ట్ టూ 2001లో వచ్చిన మ్యాపు. ఎన్ని లక్షల మంది దానిలో పరిగెత్తినా, రౌండు ముగియగానే గోడ మీద తూటాల గుర్తులు కూడా మిగలవు. మైన్‌క్రాఫ్ట్, వాల్‌హైమ్, స్టార్‌డ్యూ వ్యాలీ వంటి వాటిలో మాత్రం మీరు పెట్టిన రాయి మీరు తీసేదాకా అక్కడే ఉంటుంది. చోట్లను గుర్తుంచుకోవాలన్న కోరిక ఉన్న బృందం ఇలాంటి నిలిచి ఉండే ప్రపంచం ఒక్కటైనా పెట్టుకోవాలని నా అభిప్రాయం. రౌండు ఆటలు ఎంత ఉత్సాహంగా ఉన్నా, వాటిలో ఇది మేం చేసింది అని చూపించడానికి ఏమీ మిగలదు.

రెండో అడుగు: ప్రపంచం ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించుకోవడం

చాలామంది పట్టించుకోకుండా దాటేసే అడుగు ఇదే. తర్వాతి కష్టాల్లో సగం ఇక్కడే పుడతాయి కాబట్టి నిదానంగా చదవండి.

నిలిచి ఉండే ప్రపంచం ఫైళ్ల రూపంలో ఎక్కడో ఒకచోట ఉండితీరాలి. ఆ చోటు ఒక మిత్రుడి కంప్యూటర్ కావచ్చు, అద్దెకు తీసుకున్న సర్వర్ కావచ్చు, ఆట తయారుచేసిన సంస్థ సర్వర్ కావచ్చు. మిత్రుడి కంప్యూటర్‌లో ఉంటే ఖర్చు లేదు, ఫైలు మీ చేతిలోనే ఉంటుంది. అయితే అతను ఆన్ చేస్తేనే మిగిలినవారు ఆడగలరు. స్టార్‌డ్యూ వ్యాలీలో ఈ పద్ధతికి మరో చిక్కు ఉంది. చేరినవారి పాత్రల వివరాలు కూడా పొలం యజమాని సేవ్ ఫైల్‌లోనే ఉంటాయి కాబట్టి, అతని డిస్కు పాడైతే అందరి శ్రమా దానితోనే పోతుంది. వాల్‌హైమ్‌లో అలా కాదు. ప్రపంచం నడిపేవారి దగ్గర, పాత్ర ఎవరిది వారి దగ్గర ఉంటాయి.

ఇంట్లోని కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ నడపాలనుకుంటే అది మామూలుగా 25565 అనే పోర్టును (బయటి కంప్యూటర్లు వచ్చి చేరే దారి అంకెను) వాడుతుంది. ఆ పోర్టును రౌటర్‌లో తెరిచినా మిత్రులు చేరలేకపోతున్నారంటే, మీ ఇంటర్నెట్ సంస్థ అనేక ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామాను పంచుతూ ఉండవచ్చు. అలాంటప్పుడు రౌటర్‌లో ఎంత కుస్తీ పట్టినా లాభం ఉండదు. టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేట్ నెట్‌వర్క్ సాధనంతో మిత్రులందరి కంప్యూటర్లనూ కలపడమో, సర్వర్ అద్దెకు తీసుకోవడమో చేయాలి. మైన్‌క్రాఫ్ట్‌కు అధికారికంగా దొరికే రెల్మ్స్ సర్వర్ చందాలో యజమాని కాక మరో 10 మంది ఒకేసారి ఆడగలరు, ప్రపంచాన్ని డౌన్‌లోడ్ చేసుకునే వీలు కూడా ఉంటుంది. ఏ అద్దె సర్వర్‌నైనా ఎంచుకునే ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టండి: చందా ఆపేసిన రోజున మా ప్రపంచం ఫైలును మాకు ఇస్తారా? ఇవ్వని చోట ఏడాదిపాటు కోట కట్టడం వృథా.

సర్వర్ పాస్‌వర్డ్, చందా వివరాలు ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఆ ఒక్కరూ ఉద్యోగంలో మునిగిపోయి ఆట మానేస్తే మిగిలినవారికి తలుపు మూసుకుపోతుంది. రెండో నిర్వాహకుణ్ణి మొదటి రోజే నియమించుకోండి.

మూడో అడుగు: నెట్‌వర్క్, మాట

పింగ్ అంటే మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కు సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 5,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వర్‌కు వెళ్లి రావడానికే కనీసం 50 మిల్లీసెకన్లు కావాలి; దారిలోని మలుపులు, రౌటర్లు దానికి మరికొంత కలుపుతాయి. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా ఈ దూరం తగ్గదు. మిత్రులు వేర్వేరు దేశాల్లో ఉంటే, ఒకరికి 20, మరొకరికి 250 వచ్చే సర్వర్ కన్నా అందరికీ 120 చుట్టుపక్కల వచ్చే మధ్య ప్రాంతపు సర్వర్‌ను ఎంచుకోవడం న్యాయంగా ఉంటుంది. తుపాకీ ఆటల్లో 100 దాటితే తేడా తెలుస్తుంది గాని, ఇల్లు కట్టుకునే ఆటల్లో 200 ఉన్నా పెద్దగా బాధ ఉండదు.

పింగ్ ఒకసారి 40, ఒకసారి 300 అంటూ గెంతుతుంటే దోషం చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. కంప్యూటర్‌కు కేబుల్ తగిలించండి; కుదరకపోతే వైఫైని 2.4 గిగాహెర్ట్‌జ్ నుంచి 5 గిగాహెర్ట్‌జ్‌కు మార్చి, రౌటర్‌కు దగ్గరగా కూర్చోండి. ఆడే వేళలో ఫోన్ ఫొటోలు క్లౌడ్‌కు ఎక్కుతున్నాయేమో కూడా చూడండి, ఎందుకంటే అప్‌లోడ్ నిండిపోయినప్పుడు ఆట సందేశాలు వాటి వెనక వరుసలో నిలబడవలసి వస్తుంది.

మాట విషయానికొస్తే, ఆటలోని వాయిస్ చాట్ కన్నా డిస్కార్డ్ వంటి విడి సాధనం మేలు. ఆట మధ్యలో ఆగిపోయినా మాట తెగదు, ఒక ఆట నుంచి మరో ఆటకు మారినా గది అదే ఉంటుంది. స్పీకర్ పెట్టి మాట్లాడేవారి వల్ల అందరికీ తమ గొంతు తమకే ప్రతిధ్వనిస్తుంది కాబట్టి హెడ్‌ఫోన్ తప్పనిసరి అని ముందే చెప్పండి. ఇంట్లో ఫ్యాను చప్పుడు, టీవీ మోత ఉన్నవారు బటన్ నొక్కినప్పుడే మైకు పనిచేసే పుష్ టు టాక్ పెట్టుకోవాలి. రికార్డింగ్ చేసే ఉద్దేశం ఉన్నవారికి ఈ శ్రద్ధ రెట్టింపు అవసరం.

నాలుగో అడుగు: ఆట మర్యాద

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వారంలో ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకుని, ఎవరు వచ్చినా రాకపోయినా ఆ వేళకు ఆట మొదలుపెట్టండి. అందరూ వచ్చాక చూద్దామనుకునే బృందాలు నెల తిరగకముందే చెదిరిపోతాయి. బాగా ఆడేవారు అన్నీ తామే చేసేస్తే కొత్తవారు చూస్తూ కూర్చోవలసి వస్తుంది కనుక, దారి కనిపెట్టే పనిని కొత్తవారికే వదిలేయండి. వాళ్లు దారి తప్పితేనే కొత్త చోట్లు బయటపడతాయి. ఒకరి పెట్టెలోని వస్తువులు మరొకరు అడగకుండా తీయవచ్చా లేదా అన్నది మొదటి వారంలోనే మాట్లాడుకోండి. అపరిచితులు తిరిగే సర్వర్లలో అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు చెప్పకూడదు. పిల్లలు కూడా ఆడుతుంటే వారి ఖాతాలకు కొనుగోళ్లను, బయటివారితో మాటలను అదుపులో ఉంచే ఏర్పాట్లు చేసి మొదలుపెట్టాలి.

అయిదో అడుగు: చోటుకు పేరు పెట్టడం, ఆనవాలు రాసుకోవడం

చోటు గుర్తుండాలంటే దానికి పేరుండాలి. ఆట పెట్టిన పేరు కాదు, మీ బృందం పెట్టిన పేరు. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేసిన మడ్ అనే ఆటలో బొమ్మలే లేవు, ప్రతి చోటూ అక్షరాల్లో రాసిన వర్ణన మాత్రమే. అలాంటి ఆటలు ఆడినవారు కాగితం మీద మ్యాపులు గీసుకుని, ఆ చోట్లను తమ వీధుల్లా తెలుసుకున్నారు. ఇప్పటి ఆటలు అన్నీ కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి కనుక మనం రాసుకోవడం మానేశాం, అందుకే తొందరగా మరిచిపోతున్నాం.

మైన్‌క్రాఫ్ట్ జావాలో ఎఫ్3 నొక్కితే మీరు నిలబడిన చోటు ఎక్స్, వై, జడ్ అంకెల్లో కనిపిస్తుంది. బెడ్‌రాక్‌లో ప్రపంచం సెట్టింగుల్లో కోఆర్డినేట్లు చూపించమని పెట్టుకోవాలి. ఆటలోని పాతాళ లోకమైన నెదర్‌లో ఒక బ్లాకు నడిస్తే పై ప్రపంచంలో ఎనిమిది బ్లాకులు నడిచినట్టు లెక్క కాబట్టి, రాసుకునేటప్పుడు ఆ అంకెలు ఏ లోకానివో కూడా రాయండి. నో మ్యాన్స్ స్కైలో పోర్టల్ చిరునామా 12 గుర్తుల వరుస. అది తెలిస్తే అదే గెలాక్సీలో ఉన్న మిత్రుడు ఆ గ్రహానికి నేరుగా రాగలడు, తెలియకపోతే ఆ విశ్వంలో మళ్లీ దాన్ని వెతికి పట్టుకోవడం అయ్యే పని కాదు. వాల్‌హైమ్‌లో కార్టోగ్రఫీ టేబుల్ కడితే ఎవరి మ్యాపు మీది గుర్తులైనా అందరికీ పంచుకోవచ్చు.

ఈ వివరాలకు ఒక ఉమ్మడి డాక్యుమెంట్ చాలు. చోటుకు ఒక చిన్న పేరా రాయండి. ఉదాహరణకు ఇలా ఉండవచ్చు:

"కాలిన గుహ. పై ప్రపంచం, ఎక్స్ 412, వై మైనస్ 53, జడ్ మైనస్ 1180. నది వంపు దగ్గర, రెండు బిర్చ్ చెట్ల మధ్య దిగాలి. ముందు దీని పేరు మెట్ల గుహ. 'ఒరేయ్, అక్కడ తవ్వకురా, కింద లావా ఉంది' అని ముగ్గురం అరుస్తుంటే వినకుండా తవ్వి, సంచిలోని పదకొండు వజ్రాలతో సహా కాలిపోయినవాడి గౌరవార్థం పేరు మార్చాం. మెట్ల పక్కన బోర్డు ఉంది. ఎడమ పక్క సొరంగంలోకి ఇంకా ఎవరూ వెళ్లలేదు."

ఈ పేరాలో అంకెలు చోటును చూపిస్తాయి. బోర్డు, పాత పేరు, అరిచిన మాట ఆ సాయంత్రాన్ని చూపిస్తాయి. పేరాలు రాసే పని వంతులవారీగా అప్పగిస్తే ఒకే చోటు గురించి ఇద్దరు చెప్పే కథలు పొసగకపోవడం కూడా చూడవచ్చు. దాన్ని సరిదిద్దకండి, రెండూ ఉంచండి.

ఆరో అడుగు: బొమ్మలు తీయడం

స్క్రీన్‌షాట్ నొక్కడం అందరికీ తెలిసిందే గాని, పదేళ్ల తర్వాత చూసినా ఏమిటో అర్థమయ్యే బొమ్మ తీయడానికి కొంచెం పద్ధతి కావాలి. మైన్‌క్రాఫ్ట్ జావాలో ఎఫ్1 నొక్కితే తెర మీది పట్టీలు, గుర్తులు మాయమవుతాయి. అప్పుడు ఎఫ్2 నొక్కితే బొమ్మ ఆట ఫోల్డర్‌లోని స్క్రీన్‌షాట్స్ అనే చోట చేరుతుంది. స్టీమ్ ఆటల్లో మామూలుగా ఎఫ్12 పనిచేస్తుంది. విండోస్‌లో ఏ ఆటకైనా విండోస్, ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కీలను కలిపి నొక్కవచ్చు. నింటెండో స్విచ్‌లో క్యాప్చర్ బటన్‌ను ఒకసారి నొక్కితే బొమ్మ వస్తుంది. చాలా ఆటల్లో నొక్కిపట్టుకుంటే అంతకుముందు జరిగిన 30 సెకన్ల వీడియో దాచుకోవచ్చు.

ప్రతి చోటుకూ రెండు రకాల బొమ్మలు తీయమంటాను. పట్టీలు లేకుండా, విశాలంగా, చోటు మొత్తం కనిపించేలా తీసేది ఒకటి. అన్ని పట్టీలూ, చాట్ వరుసలూ, మిత్రుల తలల మీద పేర్లూ ఉన్నట్టే తీసేది మరొకటి. అందంగా లేదని ఈ రెండోదాన్ని చాలామంది తీసేస్తారు. తీరా కొన్నేళ్లయ్యాక అందరూ పెద్దది చేసి చూసేది దీన్నే: ఎవరి ఆరోగ్యం ఎంత మిగిలింది, చేతిలో ఏ గొడ్డలి ఉంది, చాట్‌లో ఎవరు ఏం తిట్టారు అన్నవన్నీ అందులోనే ఉంటాయి.

కట్టడం పెరుగుతున్నకొద్దీ ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు చూస్తూ నెలకో బొమ్మ తీయండి. అందుకోసం నేల మీద ఒక రంగు బ్లాకు పెట్టుకుంటే నిలబడవలసిన చోటు మారదు. ఫైళ్లకు ఏడాది, నెల, తేదీ, చోటు పేరు, అక్కడున్నవారి పేర్లు ఆ వరుసలోనే పెట్టండి. ఏడాది ముందుంటే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. వాట్సాప్ గ్రూపులో పంపిన బొమ్మనే అసలు ప్రతిగా ఉంచుకోకూడదు, ఎందుకంటే అక్కడ మామూలుగా పంపే బొమ్మ నాణ్యత తగ్గి చేరుతుంది.

ఏడో అడుగు: మాటలను రికార్డు చేయడం

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే పాటించగలనంటే నేను చూపించేది దీన్నే. మూతపడిన ఆటల మ్యాపుల బొమ్మలు ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, మీ ముగ్గురు మిత్రుల నవ్వులు మాత్రం ఎక్కడా దొరకవు.

ముందుగా అందరి అనుమతి తీసుకోండి. రికార్డు చేస్తున్న సంగతి ప్రతిసారీ మొదట్లోనే చెప్పాలి. ఎవరైనా ఇష్టం లేదంటే ఆ రోజుకు మానేయాలి. అనుమతి లేకుండా సంభాషణ రికార్డు చేయడం చాలా దేశాల్లో చట్టరీత్యా చిక్కులు తెస్తుంది. ఆ మాట అటుంచినా, తెలియకుండా రికార్డు చేశారని తర్వాత తెలిస్తే స్నేహం దెబ్బతింటుంది.

ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాధనం ఈ పనికి సరిపోతుంది. అందులో ఆరు వరకు ఆడియో ట్రాకులు విడివిడిగా రికార్డు చేయవచ్చు. ఆట చప్పుడు ఒక ట్రాకులో, మీ మైకు ఒక ట్రాకులో, డిస్కార్డ్ గొంతులు మరో ట్రాకులో పెట్టుకుంటే, తర్వాత బాంబుల మోతను తగ్గించి మాటలు మాత్రం వినవచ్చు. అన్నీ ఒకే ట్రాకులో కలిపేస్తే ఆ పని కుదరదు. ఫైలు రకంగా ఎం.కె.వి.ని ఎంచుకోండి, ఎందుకంటే మధ్యలో కరెంటు పోయినా, కంప్యూటర్ ఆగిపోయినా అప్పటిదాకా రికార్డయిన భాగం మిగులుతుంది, మామూలు ఎం.పి.4 అయితే మొత్తం ఫైలే తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉంది. తర్వాత అవసరమైతే ఓబీఎస్‌లోనే దాన్ని ఎం.పి.4గా మార్చుకోవచ్చు.

సెకనుకు 6 మెగాబిట్ల నాణ్యతతో రికార్డు చేస్తే గంటకు దాదాపు 2.7 జి.బి. అవుతుంది. మూడు గంటల ఆట వారానికోసారి రికార్డు చేస్తే ఏడాదికి 400 జి.బి. దాటిపోతుంది, వాటిని మళ్లీ చూసే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఓబీఎస్‌లోని రిప్లే బఫర్ వాడండి. అది గడచిన కొన్ని నిమిషాలను ఎప్పటికప్పుడు గుర్తుంచుకుంటూ ఉంటుంది. నవ్వు ఆగాక ఒక కీ నొక్కితే ఆ నిమిషాలు మాత్రమే ఫైలుగా చేరతాయి. దీనితోపాటు నెలకొకసారి, ఏమీ విశేషం జరగని సాదా సాయంత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయమని నా సలహా. చేపలు పడుతూ, రాళ్లు మోస్తూ, మధ్యలో ఇంటి సంగతులు మాట్లాడుకునే ఆ గంటల్లోనే మీరు నిజంగా ఎలా ఆడేవారో తెలుస్తుంది. గెలిచిన క్షణాల ముక్కలు ఏ బృందానివైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ఎనిమిదో అడుగు: ప్రపంచం ఫైలును కాపాడటం

విండోస్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ప్రపంచాలు ఆట ఫోల్డర్‌లోని సేవ్స్ అనే చోట, ఒక్కో ప్రపంచానికి ఒక్కో ఫోల్డర్‌గా ఉంటాయి. కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్‌లో ప్రపంచం సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఆటనూ సర్వర్‌నూ పూర్తిగా ఆపిన తర్వాతే కాపీ చేయండి. నడుస్తుండగా కాపీ చేస్తే కొన్ని ఫైళ్లు కొత్తవి, కొన్ని పాతవి కలిసి ప్రపంచం సగం చెడిపోయి తెరుచుకోవచ్చు.

ఆట ప్రపంచాన్ని పుట్టించడానికి వాడే సీడ్ అంకె రాసుకున్నాం కదా, చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. సీడ్ కొండలను, నదులను మళ్లీ పుట్టిస్తుంది గాని మీరు కట్టిన దేన్నీ పుట్టించదు. పైగా ఆట మారినప్పుడు అదే సీడ్ వేరే నేలను ఇవ్వవచ్చు. 2021 నవంబరు 30న వచ్చిన 1.18 వెర్షన్ ప్రపంచపు ఎత్తును మైనస్ 64 నుంచి 320 దాకా పెంచి, కొండల తీరునే మార్చేసింది. అందుకని బ్యాకప్ పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో ఆట వెర్షన్, వాడిన మోడ్ల (ఆటను మార్చడానికి ఇతరులు చేసిన చేర్పుల) పేర్లు, వాటి వెర్షన్లు రాసి పెట్టండి. కొత్త వెర్షన్‌లో పాత ప్రపంచాన్ని తెరిచేముందు విడిగా ఒక కాపీ తీయడం మరవకండి. ఒకసారి మారిన ప్రపంచాన్ని వెనక్కి తేవడానికి నమ్మదగిన దారి లేదు.

కాపీలు మూడుండాలి, అవి కనీసం రెండు రకాల నిల్వల్లో ఉండాలి, వాటిలో ఒకటి మరో ఇంట్లో ఉండాలన్నది కంప్యూటర్ రంగంలో పాత నియమం. మిత్రుల బృందానికి ఇది సునాయాసంగా కుదురుతుంది; మరో ఇల్లంటే మరో మిత్రుడి ఇల్లే. ప్రతి మూడు నెలలకూ ఒకసారి ఏదో ఒక బ్యాకప్‌ను నిజంగా తెరిచి, లోపల పది అడుగులు నడిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

ప్రపంచాన్ని బ్రౌజర్‌లో త్రీడీ మ్యాపుగా చూపించే బ్లూమ్యాప్ వంటి ఉచిత సాధనాలు కూడా ఉన్నాయి. ఆట మానేసినవారు, ఆట కొననివారు సైతం కోట చుట్టూ తిరిగి చూడటానికి అవి పనికొస్తాయి.

తొమ్మిదో అడుగు: మన చేతిలో లేని ప్రపంచాలు

పెద్ద ఆన్‌లైన్ ఆటల్లో ఫైలు మన దగ్గర ఉండదు. 2005లో మొదలైన క్లబ్ పెంగ్విన్ 2017 మార్చిలో మూతపడింది. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2011 డిసెంబరులో, టూన్‌టౌన్ ఆన్‌లైన్ 2013 సెప్టెంబరులో ఆగిపోయాయి. మూతపడకపోయినా చోట్లు మారిపోవచ్చు: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2010లో కాటక్లిజమ్ విస్తరణతో తన పాత ఖండాలనే తిరగరాసింది, పాత రూపాన్ని కోరినవారి కోసం 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిచింది. ఫోర్ట్‌నైట్ కూడా 2023 నవంబరులో తన తొలినాళ్ల మ్యాపును తిరిగి తెచ్చింది. అలాగని అన్నీ తిరిగొస్తాయని ఎదురుచూడకూడదు. 2012 నవంబరు 30న ఆగిపోయిన సిటీ ఆఫ్ హీరోస్‌కు, అభిమానులు నడిపే హోమ్‌కమింగ్ సర్వర్ రూపంలో అధికారిక అనుమతి దొరకడానికి 2024 జనవరి దాకా పట్టింది. 2012లోనే మూతపడిన గ్లిచ్ అనే ఆట మళ్లీ తెరుచుకోలేదు గాని, దాని బొమ్మలను తయారీదారులు మరుసటి ఏడాది ఎవరైనా వాడుకునేలా విడుదల చేశారు. (ఆ ఆట కోసం రాసుకున్న సందేశాల సాధనమే తర్వాత ఆఫీసుల్లో వాడే స్లాక్ అయింది. ఆట పోయి ఆఫీసు మిగలడమంటే ఇదే.)

ఇలాంటి ఆటల్లో మీరు చేయగలిగింది చోటును నడుస్తూ రికార్డు చేయడం. ప్రకటన వచ్చేదాకా ఆగకుండా, పెద్ద అప్‌డేట్ వస్తోందని తెలిసినప్పుడల్లా ఒక గంట దీనికి కేటాయించండి. మీరు మామూలుగా వెళ్లే దారిలోనే వెళ్లండి: బృందం కలుసుకునే కూడలి, అక్కడి నుంచి అంగడి, అంగడి వెనక అడ్డదారి, ఎప్పుడూ ఓడిపోయే గుహ ద్వారం. పరిగెత్తకుండా నడవండి, కెమెరాను నెమ్మదిగా తిప్పండి, సంగీతాన్ని ఆపకండి. ఆ చోటు నేపథ్య సంగీతమే అన్నిటికన్నా ముందు జ్ఞాపకాన్ని లేపుతుంది. ముఖ్యంగా ఈ నడకను ఒంటరిగా చేయకండి. ఇద్దరైనా ఉంటే ఇక్కడే కదా అంటూ మాట మొదలవుతుంది, రికార్డింగుకు ఆ మాటలే విలువ. పాత్ర వేసుకున్న దుస్తులు, సంపాదించిన బిరుదులు, మిత్రుల జాబితా పేజీలను కూడా బొమ్మలు తీసుకోండి. ఖాతాతోపాటు పోయేవి అవే.

అభిమానులు అనుమతి లేకుండా నడిపే సర్వర్లలో చేరాలనిపిస్తే జాగ్రత్త అవసరం. వాటికి చట్టబద్ధత లేకపోవచ్చు. వాటి డౌన్‌లోడ్లలో హానికర ప్రోగ్రాములు ఉండవచ్చు. మీ ఈమెయిల్‌కు, అసలు ఆటకు వాడే పాస్‌వర్డ్‌ను అక్కడ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు.

పదో అడుగు: మళ్లీ వెళ్లడం

దాచిన ప్రపంచాన్ని తెరవడానికి ఏడాదిలో ఒక రోజు పెట్టుకోండి. మైన్‌క్రాఫ్ట్ జావా లాంచర్‌లో కొత్త ఇన్‌స్టలేషన్ సృష్టించి పాత వెర్షన్‌ను ఎంచుకునే వీలుంది కాబట్టి, టెక్స్ట్ ఫైలులో రాసుకున్న వెర్షన్‌తోనే ప్రపంచాన్ని తెరవవచ్చు. అసలు బ్యాకప్‌ను ముట్టుకోకుండా దాని కాపీలో ఆడండి. అప్పుడు ఎవరైనా కోటకు నిప్పు పెట్టినా నవ్వుకోవచ్చు. ఉమ్మడి డాక్యుమెంట్‌లోని పేరాలను ఒకరు చదువుతుంటే మిగిలినవారు ఆ అంకెలు పట్టుకుని చోటుకు చేరాలన్న పందెం పెట్టుకుంటే, ఆట మరిచిపోయినవారు కూడా పావుగంటలో దారిలో పడతారు.

బృందం నుంచి దూరమైనవారిని ఆ రోజుకు పిలవండి. వాళ్లకు ముందురోజే ఆట వెర్షన్, సర్వర్ చిరునామా, డిస్కార్డ్ గది లింకు పంపండి. ఆ సాయంత్రం మొదటి గంట అప్‌డేట్లు ఎక్కించుకోవడంలోనే గడిచిపోతే తర్వాతి ఏడాది ఎవరూ రారు. రాలేనివారికి ప్రపంచం కాపీతోపాటు పది నిమిషాలకు మించని ఒక వీడియో ముక్క పంపండి. దానికి పాటలు, హంగులు జోడించకుండా, మాటలు స్పష్టంగా వినిపించేలా ఉంచండి. ఆ రోజు కొత్తగా గుర్తొచ్చిన కథలను డాక్యుమెంట్‌లో చేర్చి, కాలిన గుహ ఎడమ సొరంగంలోకి చివరికి ఎవరైనా వెళ్లి ఉంటే ఆ సంగతి తేదీతో సహా రాసి, ఆ రాత్రే కొత్త బ్యాకప్ తీసి రెండో ఇంటికి పంపించండి.